పగటిపూట కనబడని మంట

కోరుట్ల
ఆగస్టు 2011

తమ్ముడు మొండయ్యకు అక్క దుర్గవ్వ చెప్పి రాయిస్తున్నది.

ఫోన్లో నీతో లాభం లేదు. నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. నాకు కోపం వచ్చేసరికి సిగ్నల్ పోయిందంటావు. కాగితమైతే నన్ను నడుమ ఆపలేవు. నాకు అక్షరం రాదు కాబట్టి కోడలు రేణుక రాస్తున్నది. చదువుకున్న పిల్ల. నా మాటల్ని పుస్తకం భాషలోకి దిద్దుతానంటే దిద్దుకోమన్నాను. కానీ ఎవరు ఏమన్నారో ఆ మాట మాత్రం వాళ్ళ నోట వచ్చినట్టే ఉండాలని గట్టిగా చెప్పాను.

నీ మేనల్లుడు కొమురెల్లి వేషాలు విను. షార్జా గ్యారేజీలో పనిచేసి వచ్చి ఇక్కడ మెయిన్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్నాడు కదా. దుబాయి నుంచి వచ్చిన వినోద్ అనే పిల్లవాడు ఒక టర్బో కారు కొని కొమురెల్లి చేతిలో పెట్టాడు. దానికి పెట్రోలు మాన్పించి స్పిరిట్ అలవాటు చేయాలట. హైదరాబాదులో రేసుకు తీసుకుపోతాడట.

"కల్లు గీసెటోళ్ళ ఇంట్ల పుట్టి కారుకు సారా తాపుతున్నవారా?" అన్నాను.

"సారా కాదే అమ్మా, ఇథనాలు. చెరుకు మడ్డిల నుంచి తీస్తరు. మనిషి తాగితె సస్తడు."

"సారా తాగితె బతుకుతడా మరి?"

పడీ పడీ నవ్వాడు. టర్బో అంటే ఏందిరా అంటే, "పొయ్యికాడ నీ ఊదుగొట్టం లెక్క" అన్నాడు. "ఊదేది ఎవలనుకున్నవ్? పొగనే. ఇంజన్ల నుంచి ఎల్లగొట్టిన పొగ పోత పోత పంకను తిప్పుతది. పంక గాలిని లోపటికి నూకుతది. గంత గాలి కొడితె పెట్రోలు ఓర్సుకోదు, టకటక కొట్టుకుంటది. స్పిరిటు సల్లగుంటది, ఎంత ఊదినా ఓర్సుకుంటది."

"గట్లయితె నీ పెండ్లాం లెక్కన్నట్టు" అన్నాను. ఇది రాయనని రేణుక కలం కింద పెట్టింది. రాయించాను.

పెట్రోలు గ్లాసు తాగే చోట స్పిరిట్ గ్లాసున్నర తాగాలట. అందుకని దాన్ని చిమ్మే ముక్కులు పెద్దవి బిగించాడు. లాప్‌టాప్ ముందు పెట్టుకుని ఇంజనుకు ఎప్పుడు ఎంత పోయాలో లెక్క దిద్దుతాడు. ప్లగ్గు విప్పుతాడు, దాని రంగు చూస్తాడు, మళ్ళీ దిద్దుతాడు. పొద్దున ఇంజను చల్లగా ఉంటే ఎంత బతిమాలినా అందుకోదు. అప్పుడు దానికి చెంచాడు పెట్రోలు ఆశ చూపాలి. స్పిరిట్ పోయే రబ్బరు పైపు మాత్రం మార్చాలన్నాడు. మామూలు రబ్బరు స్పిరిట్‌కు మెత్తబడి ఉబ్బుతుందట. వేరే రకం పైపు పుణె నుంచి రావాలి.

నేను ఒకటే చెప్పాను. "గుడుంబ మంట ఎండపూట కండ్లకు ఆనదురా. మీ నాయన గడ్డిపోస పెట్టి సూసేటోడు."

"ఎరుకనే అమ్మా. షార్జల మాకు మొదలు నేర్పింది గదే" అన్నాడు.

పని బాగా కుదిరితే జగిత్యాలలో పెద్ద గ్యారేజీ పెడతానంటున్నాడు. నువ్వు వచ్చి వాడి కారు చూసిపో. నీ ఉపన్యాసాలు మాత్రం సిరిసిల్లలోనే పెట్టిరా.

నీ అక్క
దుర్గవ్వ


సిరిసిల్ల
సెప్టెంబరు 2011

అక్క దుర్గవ్వ పాదాలకు మొండయ్య దండం పెట్టి రాసుకుంటున్నాడు.

నీ కాగితం సాంచాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. మరమగ్గాల చప్పుడులో గొంతు చించుకుని చదవాల్సి వచ్చింది. కారుకు సారా తాగిస్తున్నారంటే "మా వంతు మిగులుస్తరా మరి?" అని ఒకతను అడిగాడు.

ఇప్పుడు ఆ చప్పుడు లేదు. సకల జనుల సమ్మెలో సాంచాలన్నీ ఆపేశాం. బస్సులు లేవు, బడులు లేవు. రోడ్డు మీద మేము కూర్చుంటే లారీలు వరుసగా ఆగిపోతున్నాయి. అక్కా, ఇంతమంది ఒక్కమాట మీద నిలబడటం నా జన్మలో చూడలేదు. ఈసారి వస్తుంది. రాక తప్పదు.

అల్లుడికి ఒక మాట చెప్పు. ఊరంతా బంద్ ఉంటే వాడి షెడ్డు షట్టర్ తెరిచి ఉందని ఇక్కడిదాకా వచ్చింది. సమ్మె కమిటీలో నేను పదిమందికి చెప్పేవాణ్ణి. "మీ అల్లునికి చెప్పరాదే ముందుగాల" అని ఎవరన్నా అంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? కారు పారిపోదు. తెలంగాణ వచ్చాక ఎంత ఊదుకుంటాడో ఊదుకొమ్మను.

తమ్ముడు
మొండయ్య


కోరుట్ల
నవంబరు 2011

మొండయ్యకు,

బస్సులు నడుస్తున్నాయి. మన సత్తవ్వ సిరిసిల్ల నుంచి వచ్చింది. అక్కడి బస్టాండు ముందు నా కొడుకు ఫోటో పెద్ద బ్యానరు కట్టారట. తెలంగాణ కోసం తనను తాను కాల్చుకున్న వీరుడు అని రాసి ఉందట. కింద నీ పేరు కూడా ఉందట.

కొమురెల్లి పోయి నెల కాలేదు. జగిత్యాల ఆసుపత్రి నుంచి వాణ్ణి తెచ్చిన రోజు ఎవరు వచ్చారో, ఎవరు ఏమన్నారో నాకు తెలివి లేదు. నువ్వు పేపరు వాళ్ళను పక్కకు తీసుకుపోయి మాట్లాడావని ఇప్పుడు చెబుతున్నారు. నన్నెందుకు అడగలేదు? వాడు నా కడుపున పుట్టాడా, కమిటీ కడుపున పుట్టాడా?

నా కొడుకు చావాలని చావలేదు. పని చేస్తూ కాలాడు.

నువ్వు చెప్పావని షట్టర్ దించాడు. పని మానలేదు. రోజూ పొద్దున మోకాలి ఎత్తు దాకా లేపి, కిందినుంచి దూరి, లోపల లైటు వేసుకుని చేసేవాడు. "మామ ఇజ్జత్ పోవద్దు, నా పని ఆగద్దు" అనేవాడు. సమ్మెలో అందరూ షట్టర్ చూశారు గాని దాని కింది సందు చూడలేదు. పుణె పైపు రాలేదు. లారీలు ఎక్కడివి అక్కడే ఆగాయి. కారును కదిలించను, ఉన్నచోటే నడిపి లెక్క చూస్తాను, దానికి పాత పైపు చాలన్నాడు. ఆ రోజు రేణుక జొన్నరొట్టె కట్టి ఇచ్చింది. పప్పు వేరే గిన్నెలో పెట్టమని, కలిపితే రొట్టె మెత్తబడుతుందని గొణుక్కుంటూ పోయాడు. చావబోయేవాడికి రొట్టె మెత్తబడితే ఏమి, గట్టిపడితే ఏమి?

ఆసుపత్రిలో నన్ను ఒక్కదాన్నే లోపలికి పంపారు. వాడు నన్ను ఏమడిగాడో తెలుసా?

"అమ్మా, ఇంజన్ బంద్ జేసిండ్రా?"

అదే వాడి ఆఖరి మాట. తనను తాను కాల్చుకున్నవాడు ఇంజను సంగతి అడుగుతాడా?

ఆడవాళ్ళు వచ్చి రేణుక చేతులు పట్టుకుని, "నీ మొగడు నిన్ను గూడ కాదనుకోని మనందరి కోసం పోయిండు, నువ్వు మంచి పుణ్యం జేసుకున్నవ్" అంటున్నారు. అప్పటినుంచి ఆ పిల్ల అన్నం దగ్గర కూర్చుని చేయి కడుక్కుని లేస్తున్నది. ఈ కాగితం కూడా సగంలో వదిలి పోయి, గిన్నెలన్నీ తోమి వచ్చి మళ్ళీ కూర్చున్నది.

సమ్మెలో నేను కూడా రోడ్డు మీద పొయ్యి పెట్టి వండినదాన్నే. తెలంగాణ నాకూ కావాలి. దాని కోసం నా కొడుకు మీద అబద్ధం ఎందుకు? ఆ బ్యానరు విప్పించు.

దుర్గవ్వ


సిరిసిల్ల
నవంబరు 2011

అక్కా,

నీ కాగితం ఎవరికీ చదివి వినిపించలేదు.

నేను నా కళ్ళతో చూడలేదు, నిజమే. కానీ ఊరేగింపులో ఉన్న వాళ్ళందరూ చూశారు. ఊరేగింపు మీ షెడ్డు ముందుకు వచ్చేసరికి వాడు షట్టర్ కింది నుంచి వచ్చాడు. రోడ్డు నడిమధ్య నిలబడి రెండు చేతులు పైకెత్తాడు. నీళ్ళు అడగలేదు, ఎవరి వైపూ పరుగెత్తలేదు. మంట కూడా ఎవరికీ కనబడలేదు. వాసన మాత్రం వచ్చింది. అంగీ నల్లబడుతుంటే అప్పుడు అర్థమైంది. జనం దండం పెట్టారట అక్కా. నినాదాలు ఇచ్చారట. నువ్వు దాన్ని అబద్ధం అంటే అంతమంది కళ్ళు అబద్ధమా?

ఇంకొకటి ఆలోచించు. పని చేస్తూ కాలాడు అంటే సమ్మె నడుమ దొంగతనంగా పని చేశాడు అని అర్థం వస్తుంది. మన వాణ్ణి ఆ మాట అనిపిస్తావా?

సంక్రాంతి వెళ్ళాక ఇక్కడ రాయి నిలబెడుతున్నాం. చుట్టుపక్కల మండలాల్లో తెలంగాణ కోసం ప్రాణాలిచ్చిన పిల్లల పేర్లన్నీ చెక్కిస్తున్నాం. కొమురెల్లి పేరు కూడా ఇచ్చాను. నీకు కొడుకు మిగలలేదు. పేరన్నా మిగలనీ.

వాడి మనసులో చివరికి ఏముందో నీకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?

మొండయ్య


కోరుట్ల
డిసెంబరు 2011

మొండయ్యకు,

ఆ పేరు పెట్టింది నేను. దాన్ని ఎక్కడ చెక్కాలో కూడా నేనే చెబుతాను.

వాడి మనసులో ఏముందో ఎట్లా తెలుస్తుందని అడిగావు. ఆ మాట పట్టుకుని నేను పడుకోలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. అందుకే పోయి అడిగాను. షెడ్డుకు ఎదురుగా చాయ్ హోటల్ మైసయ్య లేడా, ఆయన కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. అందరూ దండం పెడుతుంటే వాడి దగ్గరికి ఉరికినవాడు ఆయన ఒక్కడే. ఇన్నాళ్ళూ నా ముఖం చూడలేక గల్లీ మారి పోతున్నాడు. ఇంటికే పోయి గడపలో కూర్చున్నాను.

"అవ్వా, నాకు మంట కనవడలే" అన్నాడు. "పొల్లగానికి ఏమైందో అని పట్టుకుందామని ఉరికిన. ఆయన నన్ను రెండు చేతులతోని ఎనుకకు నూకిండు. నూకినప్పుడే నా చెయ్యి కాలింది. అప్పుడు సమజైంది."

"ఏమన్న అన్నడా?"

"ముట్టకుండ్రి, దూరం పోన్రి అన్నడు. ఒకసారి కాదు. నినాదాలల్ల ఎవలకు ఇనవడలే. చేతులెత్తింది గందుకే అవ్వా. జనం మీదికి వస్తాంటె ఆపెతందుకు."

విన్నావా తమ్ముడూ? మంట ఎవరికీ కనబడదని వాడికి తెలుసు. షెడ్డులో ఉంటే స్పిరిట్ డ్రమ్ము పేలుతుంది, పక్క ఇళ్ళు పోతాయి. బయటికి వస్తే జనం. అందుకని రోడ్డు నడుమ నిలబడి ఎవరినీ దగ్గరికి రానీయలేదు. చేతులెత్తింది మీ జెండాకు కాదు. మీ పిల్లలు కాలకుండా.

వినోద్ వచ్చి కారు తీసుకుపోయాడు. పోయేటప్పుడు కారు ముందు మూత లేపి పైపు చూపించాడు. ఉబ్బి, పొట్ట పగిలి ఉంది. కింద టర్బో. ఎర్రగా కాలే దాని మీద స్పిరిట్ చిమ్మింది. నేను ఆ పైపును చేత్తో తడిమాను.

సమ్మెలో పని చేశాడు అంటారా, అననీ. చేశాడు. పని అంటే వాడికి ప్రాణం, చేయకుండా ఉండలేకపోయాడు. వాడికి బతకాలని ఉండేది మొండయ్యా. చాలా ఉండేది. నన్నూ రేణుకనూ వద్దనుకుని పోయాడని ఒక రాయి మీద ఉంటే ఆ రాయి ఉన్నంతకాలం అదే నిజం అవుతుంది. రాయి నిలబెట్టే రోజు అందరి ముందు నువ్వు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. చెప్పకపోతే నాకు తమ్ముడు లేడు.

దుర్గవ్వ


సిరిసిల్ల
జనవరి 2012

అక్కా,

చెప్పాను.

నెలరోజులు నీకు జవాబు రాయలేదు. ఎందుకో ముందు అది చెబుతాను. నీ రెండో కాగితం చదివినప్పుడే, వాడు పని చేస్తూ కాలాడన్న మాట నిజమేనని నాకు లోపల తెలిసింది. ఒప్పుకుంటే మిగతాది కూడా ఒప్పుకోవాలి. షట్టర్ దించమన్నది నేను. రోడ్డు మీద లారీలు ఆపినవాళ్ళలో ముందు వరసలో ఉన్నది నేను. ఆగిన ఏ లారీలో ఆ పైపు ఉందో? డ్రైవరు చాయ్ కోసం దిగి నాతో బీడీ కూడా కాల్చి ఉంటాడు. వాడు తెలంగాణ కోసం పోయాడంటే దానికి నేను మోకరిల్లి ఏడవగలను. ఒక రబ్బరు పైపు రాక పోయాడంటే ఎక్కడ పడి ఏడవాలి? అందుకే పేపరు వాళ్ళకు అట్లా చెప్పాను. వాళ్ళు రాశాక నేనే నమ్మాను.

రాయి ముందు మైకు ఇచ్చినప్పుడు మైసయ్య చెప్పింది, వినోద్ చూపింది, అంతా చెప్పాను. చప్పట్లు లేవు. కమిటీలో ఒకతను "గిప్పుడెందుకు మామా గివన్ని?" అని చెవిలో అన్నాడు. అయినా ఆపలేదు. సమ్మెలో పని చేశాడని కూడా చెప్పాను. నాకు సిగ్గనిపించలేదు అక్కా. వాడు చేతులు ఎందుకు ఎత్తాడో చెప్పి మైకు ఇచ్చేశాను.

దిగి వస్తుంటే ఒక ఆడమనిషి నా అంగీ పట్టుకుంది. గంభీరావుపేట భూదేవి. ఆమె కొడుకు నవీన్, డిగ్రీ చదివే పిల్లవాడు, పోయిన ఏడు మంటల్లో పోయాడు. వాడి పేరు కూడా రాయి మీద ఉంది. ఆమెకు కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపం కాదు.

"అన్నా, నీ అల్లునిది అట్ల కాదని మీకు ఎట్ల తెలిసింది? నాకు గూడ జర సూసి చెప్పున్రి" అన్నది.

మా అక్కను అడగమన్నాను. నీ అడ్రసు ఇచ్చాను. తప్పు చేశానేమో.

మొండయ్య


కోరుట్ల
ఫిబ్రవరి 2012

తమ్ముడు మొండయ్యకు,

భూదేవి వచ్చింది. నాకంటే చిన్నది, కానీ నాకంటే ముసలిదానిలా ఉంది. కూలికి పోయే మనిషి, చేతుల నిండా కాయలు. రేణుక అన్నం పెడితే తిన్నది. తిని, "అక్కా, నువ్వు అందరిని అడిగి తెలుసుకున్నవట. నా పిల్లగానిది గూడ అడుగు. నేనడిగితె ఎవ్వలు సక్కగ చెప్పరు. నన్ను జూసి ఏడుస్తరు" అన్నది.

పోయాను. ఆమె వెంట గంభీరావుపేట పోయి రెండు రోజులు ఉన్నాను. ఎవరినీ వదల్లేదు. వాడితో చదివిన పిల్లల్ని అడిగాను. మొదట చూసినవాళ్ళను అడిగాను. అడిగేటప్పుడు ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాను. దేని మీదన్నా నెట్టవచ్చునేమోనని చూశాను. ఒక దీపం, ఒక పొయ్యి, ఎవడన్నా పోకిరి, ఏదన్నా సరే. నాకు వాదించడం వచ్చు కదా. ఆమె తరఫున వాదించడానికి ఒక్క పుల్ల కూడా దొరకలేదు. ఆ పిల్లవాడు వెళ్ళాలనే వెళ్ళాడు. అంత లేత ప్రాణానికి అంత బరువు ఎవరు ఎత్తారో, పక్కన కూర్చుని దించేవాడు ఒక్కడూ ఎందుకు లేకపోయాడో నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. నా ముఖంలోకి చూసింది. నేను నీతో ఎన్ని మాటలన్నానో అవన్నీ నా నాలుక మీదే ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నిన్ను నిలబెట్టినదాన్ని.

"ఎనుకింటి ముసలామె చెప్పింది" అన్నాను. "నీ కొడుకుకు ఆఖరికి భయమైందట. వద్దనుకున్నడట. అవ్వా అని నిన్నే పిలిచిండట. ఆమె ఉరికి వచ్చెతల్లకే అయిపోయిందట."

"నన్ను పిలిచిండా?"

"నిన్నే."

"ఎన్నిసార్లు?"

అది నేను అనుకోలేదు తమ్ముడూ. "శానసార్లు" అన్నాను.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయి గట్టిగా ఏడ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఏడవలేదట. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి నిలబడి చూశారు. ఏడ్చి, లేచి, నాకు చాయ్ పెట్టింది.

వెనుకింట్లో ముసలామె ఉంది, నిజమే. ఆమెకు చెవుడు. ఆ రోజు ఊళ్ళోనే లేదు. తిరిగి బస్సెక్కే ముందు పోయి ఆమె కాళ్ళు పట్టుకుని, ఎవరన్నా అడిగితే విన్నానని తల ఊపమన్నాను. నేను ఏమడిగానో ఆమెకు అర్థమైందో లేదో.

రాయి మీద కొమురెల్లి పేరు తీసేయించు. ఆ మాట మీద మారను. నవీన్ పేరు ఉండనీ. నువ్వు పేపరు వాళ్ళకు ఎందుకట్లా చెప్పావని ఇక ఎన్నడూ అడగను.

ఇది రాయనని రేణుక అన్నది. ఎవరన్న మాట వాళ్ళదే ఉండాలన్నావు కదా అత్తమ్మా, అనని మాట ఎట్లా రాయాలి అన్నది. రాయి బిడ్డా అన్నాను. రాసింది.

భూదేవి రాయి దగ్గరికి వచ్చిపోతుంది. నిన్ను అడుగుతుంది, తప్పక అడుగుతుంది. ముసలామె నీకు కూడా చెప్పిందను. ఆమె నోటితోనే విన్నానను. కళ్ళలోకి చూసి చెప్పు, తడబడకు.

నీ అక్క
దుర్గవ్వ